నాన్న పోయాక కాగితాల పని: మా మండల కేంద్రంలో నా అనుభవం

నాన్న పోయింది గుంటూరులోని ఒక ఆసుపత్రిలో. అందుకని డెత్ సర్టిఫికెట్ మా పంచాయతీలో రాదు. పుట్టుకైనా చావైనా జరిగిన చోటే నమోదు కావాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతుంది. మా వీధిలో ఈ సంగతి ఎవరికీ తెలిసినట్టు లేదు. "గ్రామ సచివాలయానికి ఆధార్ పట్టుకెళ్లు, వాళ్లే ఇస్తారు" అన్నారు అందరూ. ఇంట్లో పోయినవాళ్లకైతే అది నిజమే. ఆసుపత్రిలో పోతే మాత్రం ఆసుపత్రివాళ్లే ఆ ఊరి మున్సిపాలిటీకో కార్పొరేషన్‌కో సమాచారం పంపాలి. 21 రోజుల్లోపు నమోదైతే ఆలస్య రుసుము ఉండదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటిందా, మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్లాలి.

మాకు గడువు ఇబ్బంది రాలేదు గానీ పేరు దగ్గర వచ్చింది. అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్పించేటప్పుడు కంగారులో ఎవరో నాన్న పేరు చెప్పారు, కౌంటర్లో అబ్బాయి విన్నంత వరకు టైప్ చేసుకున్నాడు. ఇంటిపేరు లేకుండా అదే పేరు కేస్ షీట్లోకి, అక్కడి నుంచి మరణ నివేదికలోకి, చివరికి సర్టిఫికెట్‌లోకి వచ్చేసింది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంది. పట్టాదారు పాసుపుస్తకంలో తాతయ్య పేరుతో సహా తెలుగులో ఉంది. నాన్న ఉన్నన్నాళ్లూ ఈ తేడాలు ఎవరికీ పట్టలేదు, ఎదురుగా ఆయనే నిలబడి సంతకం పెట్టేవారు కాబట్టి.

సర్టిఫికెట్‌లో తప్పు ఉంటే దిద్దే అధికారం అదే చట్టంలోని 15వ సెక్షన్ కింద రిజిస్ట్రార్‌కు ఉంది. నాన్నను ఎరిగిన ఇద్దరి డిక్లరేషన్లు, ఆధార్ కాపీ, అసలు పేరు ఇదేనని ఆసుపత్రి ఇచ్చే లేఖ అడిగారు. మొదటి రెండూ తేలికే. లేఖ కోసం ఆసుపత్రిలో మూడు అంతస్తుల మధ్య తిప్పారు. రికార్డు రూమ్‌వాళ్లు బిల్లింగ్‌వాళ్లను అడగమంటారు, బిల్లింగ్‌వాళ్లేమో మేనేజర్ సెలవులో ఉన్నారంటారు. కార్పొరేషన్‌లో పని మాత్రం, ఆ లేఖ చేతికొచ్చాక, నేను భయపడినంత లేదు. అందుకే ఆసుపత్రిలో మనిషి ఉండగానే, ఎంత టెన్షన్‌లో ఉన్నా సరే, ఆధార్ కార్డు తీసి కౌంటర్ మీద పెట్టి, అందులో ఉన్నట్టే రాయించమని ఇప్పుడు తెలిసినవాళ్లందరికీ చెబుతున్నాను. వినడానికి బాగుండదు, కానీ చెబుతున్నాను.

తర్వాతది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అంటే పోయినవాళ్ల కుటుంబ సభ్యులు ఎవరెవరో చెప్పే పత్రం. మిగతా పనులన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. తహశీల్దార్ ఇస్తారు, దరఖాస్తు మాత్రం సచివాలయంలో పెట్టాలి. 2019లో సచివాలయాలు వచ్చాక మా ఊరివాళ్లకు ఇందుకోసం మండలాఫీసు మెట్లెక్కే పని తగ్గింది. డిజిటల్ అసిస్టెంట్ అమ్మాయి చిన్నది, చాలా ఓపిక. సర్వర్ తిరుగుతూ ఉంటే "అన్నా, భోజనం చేసి రండి, నేను పెట్టేస్తాను" అంది, వచ్చేసరికి పెట్టేసింది. దరఖాస్తు ఎంత వరకు వచ్చిందో ఇప్పుడు ప్రభుత్వ సేవల వాట్సాప్ 'మన మిత్ర'లోనూ చూసుకోవచ్చు. కానీ అక్కడ కనిపించేది ఫైల్ ఎవరి దగ్గరుందన్నదే. ఎందుకు కదలడం లేదో తెలియాలంటే మనిషినే అడగాలి.

విచారణకు వీఆర్వో గారు ఇంటికొచ్చారు. వరండాలో కూర్చుని పేర్లు రాసుకుంటూ, అక్క పేరు దగ్గర ఆగి, "అమ్మాయికి పెళ్లై వెళ్లిపోయింది కదా, ఆమె పేరెందుకులే బాబూ" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఆయన చూసిన ఇళ్లలో చాలా వరకు అలాగే జరిగి ఉంటుంది. పెళ్లైనా కాకపోయినా కూతురు కూతురే. వీలునామా లేకుండా పోయిన తండ్రి ఆస్తిలో 1956 హిందూ వారసత్వ చట్టం కొడుకుతో సమానంగా కూతురిని మొదటి తరగతి వారసురాలిగానే చూస్తుంది. అంతకంటే ఎక్కువమంది మర్చిపోయే పేరు ఇంకొకటుంది, పోయినాయన తల్లి. మా నాయనమ్మ ఇంకా ఉంది. భార్య, పిల్లలతో పాటు తల్లి కూడా అదే తరగతి వారసురాలు. నేను ఆ మాట చెబితే వీఆర్వో గారు కళ్లజోడు పైకి తోసి, "అవును, అవును, రాయాల్సిందే" అని ఆమె పేరు చేర్చారు. లోపలి గదిలో నాయనమ్మ "నాకెందుకురా ఇవన్నీ" అంటూనే ఉంది.

చేర్చడం ఒక ఎత్తు, ఆమె ఈకేవైసీ, అంటే ఆధార్‌తో ఆమే అని మిషన్ మీద రుజువు చేయడం, ఇంకో ఎత్తు. వయసంతా పొలం పనిలో అరిగిపోయిన వేళ్లు, మిషన్ ఏ వేలినీ పట్టలేదు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరేమో ఎప్పుడో పోయిన చిన్నాన్న పాతది. చివరికి కళ్లు చూసే ఐరిస్ మిషన్ దగ్గర కూర్చోబెడితే పట్టింది. ముసలివాళ్లుంటే వేలిముద్రతో కుస్తీ పట్టకుండా ముందే ఐరిస్ ఉందా అని అడగండి.

వీఆర్వో విచారణలో అసలు విషయం పొరుగువాళ్ల వాంగ్మూలం. వీళ్లే కుటుంబ సభ్యులు, ఇంకెవరూ లేరు అని ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు సంతకం పెట్టాలి. ఎదురింటి బాబాయ్, నాన్నతో కలిసి చదువుకున్న ఇంకొకాయన పిలవకముందే వచ్చి కూర్చున్నారు. నేను హైదరాబాద్‌లో ఉండే అపార్ట్‌మెంట్లో మా అమ్మ పేరేమిటో చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. అక్కడైతే ఈ సంతకాలు ఎవరిచేత పెట్టించేవాడినో నాకే తెలియదు. మా ఊళ్లో పని జరిగిందంటే కంప్యూటర్ వల్ల కొంత, మమ్మల్ని ఎరిగిన మనుషుల వల్ల చాలా.

దీనికి రెండో వైపూ చూశాను. సచివాలయంలో నా వెనక ఒకావిడ కూర్చునేది. ఇటుక బట్టీల పనికి వేరే జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. భర్త పోయాడు. రైస్ కార్డు సొంతూళ్లో, ఆధార్ అడ్రస్ ఇంకెక్కడో. ఆమె కోసం వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చేవాళ్లు లేరు. ఉన్నవాళ్లు ఆమెలాగే బయటివాళ్లు. "మీ ఊళ్లో పెట్టుకోమ్మా" అన్నారు. నిబంధన ప్రకారం తప్పు మాట కాకపోవచ్చు. కానీ కూలి మానుకుని ఆ ఊరు వెళ్లి, అక్కడ ఎన్నేళ్లుగానో లేని మనిషిని ఎరుగుదుమని ఎవరి చేత చెప్పించుకుంటుంది? మాకు సులువు చేసిన పద్ధతే ఆమెకు అడ్డం పడింది. సోమవారం అర్జీల రోజున కలెక్టరేట్‌కు వెళ్లమని ఎవరో సలహా ఇచ్చారు. తర్వాత ఏమైందో నాకు తెలియలేదు.

బ్యాంకు గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ నాకు ఇంకా కోపం ఉంది. నాన్నకు అందులో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్, ఒక సేవింగ్స్ ఖాతా. డిపాజిట్‌కు అమ్మ నామినీ. డెత్ సర్టిఫికెట్, అమ్మ ఆధార్, పాన్, క్లెయిమ్ ఫారం ఇస్తే అయిపోయింది. సేవింగ్స్‌కు నామినీ లేరు. దానికి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులందరి నుంచి అభ్యంతరం లేదన్న లేఖ, రేపు ఎవరైనా హక్కు అడిగితే బాధ్యత మాదేనన్న ఇండెమ్నిటీ బాండు. అంతా ఇచ్చాక కూడా ఒకసారి సంతకం తేడా అన్నారు, ఇంకోసారి ఫారం కొత్తది వచ్చిందన్నారు. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో క్లెయిమ్ తేల్చాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ మాట రాసి, ఇచ్చిన కాగితాల జాబితా పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకున్నాక పని కదిలింది. నోటితో అడిగినన్నాళ్లూ కదల్లేదు. మధ్యలో ఒకాయన "ఏటీఎం కార్డు ఉందిగా, పిన్ తెలుసుగా" అన్నాడు. ఖాతాదారు పోయాక అలా తీస్తే రేపు వారసుల్లో ఎవరైనా అడిగినప్పుడు చెప్పుకోవడానికేమీ ఉండదు. మేం ముట్టుకోలేదు.

పాస్‌బుక్‌లో ఏటా ₹20 కట్ అయిన ఎంట్రీ చూసి అమ్మ ఆశపడింది. అది సురక్షా బీమా, ₹2 లక్షలు వచ్చేది ప్రమాదంలో పోయినవాళ్లకు. నాన్నది గుండెపోటు. ఏ కారణంతో పోయినా వర్తించే జీవన జ్యోతి బీమాకు ఏటా ₹436 కట్టాలి, అదీ 50 ఏళ్లలోపు చేరి ఉండాలి, కవరేజీ 55 వరకే. నాన్నకు ఆ వయసు దాటిపోయింది. మీ ఇంట్లో ఆ వయసులో ఉన్నవాళ్ల పాస్‌బుక్‌లు ఒకసారి తిరగేయండి. ఏ ఎంట్రీ దేనిదో ఇంట్లోవాళ్లకు తెలిసి ఉంటే మంచిది.

పోస్టాఫీసులో ఉన్నది చిన్న మొత్తం. కౌంటర్ వెనక ఉన్నాయన నాన్నకు కట్టే తేదీ గుర్తుచేసిన మనిషి. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఫారం తనే నింపి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఇచ్చారు. అక్కడ అంతే. చెప్పడానికి ఫిర్యాదేమీ లేదు.

నాన్నకు వృద్ధాప్య పింఛను వచ్చేది. పింఛను తీసుకునే భర్త పోతే భార్యకు ఇచ్చే స్పౌజ్ కేటగిరీ ఉందని మాకు తెలియనే తెలియదు. వెల్ఫేర్ అసిస్టెంట్ ఒకటో తారీఖున మా వీధిలో పింఛన్లు పంచుతూ గుమ్మం దగ్గర ఆగి, "పిన్నీ, డెత్ సర్టిఫికెట్ రాగానే నాకు ఇవ్వండి, మీ పేరు మీద పెడతాను" అన్నాడు. ₹4,000 అమ్మ చేతికి ఆమె పేరు మీదే రావడం ఆమెకు ఎంత ధైర్యమో, నేను నెలనెలా పంపే డబ్బు వల్ల ఎప్పుడూ అంత ధైర్యం రాలేదు. ఇది కాస్త గుచ్చుకున్నా నిజం.

కరెంటు మీటరు, గ్యాస్ కనెక్షన్ పేరు మార్పిడి, ఓటరు జాబితాలో తొలగింపుకు ఫారం 7, రైస్ కార్డులో పేరు తీయించడం. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. వీటి విషయంలో నాకు గురువు బస్టాండ్ పక్కన జిరాక్స్ షాపు ఆయన. ఏ ఆఫీసులో ఏ ఫారం, ఏ కాపీ మీద గెజిటెడ్ సంతకం, నోటరీ ఏ రోజు వస్తారు, సంత రోజున ఏ ఆఫీసుకు పోకూడదు, అన్నీ ఆయనకు కంఠతా. అడిగితే విసుక్కుంటూ చెబుతాడు గానీ తప్పు చెప్పడు. ఏ ప్రభుత్వ బోర్డు మీదా ఇంత స్పష్టంగా రాసి నేను చూడలేదు. ఫోన్‌లో నాన్న ఫొటో చూపించి పెద్దది ప్రింట్ తీయమంటే డబ్బు తీసుకోలేదు. "మీ నాన్న దగ్గర నేను చాలాసార్లు బదులు తీసుకున్నా" అన్నాడు. అది మాకు తెలియని లెక్క.

భూమి పని ఇంకా సాగుతోంది. ఉన్నది కొద్దిపాటి మెట్ట. పాసుపుస్తకంలో పాత సర్వే నంబరు ఉంది. రీసర్వే తర్వాత మా గ్రామంలో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మా చెక్క, పక్క రైతు చెక్క కలిపి ఒకే ఎల్‌పీఎం కింద పడ్డాయి. భూమి హక్కుల రికార్డు అయిన 1-బీలో ఇద్దరి పేర్లూ కలిసి కనిపిస్తున్నాయి. వారసత్వ మ్యుటేషన్, అంటే రికార్డులో వారసుల పేరు ఎక్కించడం, చేయాలంటే ముందు ఆ ఉమ్మడి నంబరును విడగొట్టాలి, దానికి సర్వేయర్ వచ్చి కొలవాలి, పక్క రైతు కూడా సంతకం పెట్టాలి. అదృష్టం, ఆయనకూ మాకూ గట్టు తగాదా లేదు. తగాదా ఉన్న ఇళ్లలో ఇది ఎన్నేళ్లు పడుతుందో ఊహించుకోవచ్చు. సర్వేయర్ ఒకరే, ఆయనకు చాలా గ్రామాలు. కొలత రోజున పక్క రైతు పిలవకుండానే గట్టు మీదకు వచ్చి, పాత హద్దు రాయి ఎక్కడుండేదో కాలితో మట్టి తోసి చూపించాడు.

విడగొట్టాక ఎవరి పేరున ఎక్కించాలన్న మాట ఇంట్లో వచ్చింది. నాయనమ్మ, అక్క, నేను ముగ్గురమూ మా భాగాలు అమ్మకు వదులుకుంటామన్నాం. "నోటి మాటగా వద్దు తమ్ముడూ, రిజిస్టర్ చేద్దాం" అంది అక్క. వీఆర్వో గారు ఆ రోజు వద్దన్న పేరు గల మనిషే మా అందరికంటే పద్ధతిగా ఆలోచించింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లే రోజున నాయనమ్మను కారులో కూర్చోబెట్టుకుని వెళ్లాలి. ముందే ఫోన్ చేసి, ఐరిస్ మిషన్ ఉందా అని అడిగాను. ఉందట, పనిచేస్తుందో లేదో వచ్చాక చూద్దామన్నారు.