తెల్ల రాయి

పలమనేరులో తెల్లవారుజామున బస్సెక్కాను. ముళబాగిలు, కోలారు దాటి, హోసకోట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని బెంగళూరు చేరేసరికి పదిన్నర. మా అక్క కూతురు మారతహళ్లిలో ఉంటుంది. "పిన్నీ, ఈసారి లాల్‌బాగ్ వద్దు, వేరేది చూపిస్తా" అని సాయంత్రం ఓ చిన్న గ్యాలరీకి తీసుకెళ్లింది.

హాలు మధ్యలో పాతికేళ్ల అమ్మాయి రెండు చేతులూ ముందుకు చాచి ఇత్తడి పళ్లెం పట్టుకుని నిలబడింది. పక్కన బుట్టలో ఏటిరాళ్లు. గోడమీద కన్నడంలో, ఇంగ్లీషులో రాసి పెట్టారు: రాయి పెట్టవచ్చు, తీయవచ్చు, గంటసేపు ఆమె మాట్లాడదు.

మొదట అందరం మొహమాటపడ్డాం. ఒకాయన ఒక రాయి పెట్టాడు. అంతే, వెనకాలే వరుస కట్టాం. నేను తెల్లటిది తీసుకున్నాను, కోడిగుడ్డంత ఉంది. ఆమె మణికట్టు దగ్గర నరం ఉబ్బి ఉంది. అది చూసి కూడా, చప్పుడు కాకుండా అంచున పెట్టి వచ్చాను. తీయవచ్చని చదివాను కదా, అయినా నా చెయ్యి అటు పోలేదు.

ఇరవై నిమిషాలకు పళ్లెం వణకసాగింది. రాళ్లు ఒకదానికొకటి తగిలి సన్నగా టకటకమంటున్నాయి. ఫోన్లు పైకి లేచాయి.

మా పిల్ల చెవిలో చెప్పింది. 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి 72 వస్తువులు బల్లమీద పెట్టి, వీటితో నన్ను ఏమైనా చేయండి అని ఆరు గంటలు నిలబడిందట. గులాబీ, తేనె, కత్తెర, తుపాకీ, ఒక తూటా. బట్టలు కోసేశారు, ఒంటిమీద గాటు పెట్టారు, తుపాకీ ఆమెకే గురిపెట్టారు. టైమయ్యాక ఆమె జనం వైపు నడిస్తే, ఎదురుపడలేక వెళ్లిపోయారట. మరుసటి ఏడాది చికాగోలో ఒక మ్యూజియంలో క్రిస్ బర్డెన్ అనే కళాకారుడు అద్దం పలక కింద పడుకున్నాడు. మ్యూజియం వాళ్లు కల్పించుకుంటే లేవాలని అనుకున్నాడు కానీ వాళ్లకు చెప్పలేదు. 45 గంటలు గడిచాక ఒక ఉద్యోగి నీళ్ల జగ్గు పక్కన పెడితే, అప్పుడు లేచాడు.

నాకు మా చిత్తూరు వైపు ఊళ్లలో ఆడే భారతం గుర్తొచ్చింది. అర్జునుడి వేషం కట్టినాయన తపస్సు మాను అనే పొడవాటి స్తంభం ఎక్కుతుంటే పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. అక్కడా చూసేవాళ్లు ఉత్తినే చూసేవాళ్లు కారు. కానీ ఎవరేం చెయ్యాలో తరతరాలుగా తెలుసు. ఇక్కడ ఆ కట్టుబాటు లేదు. ముందువాడు చేసిందే కట్టుబాటు అయిపోయింది. ఇలాంటివి మన ఊళ్లలోనూ జరగాలని గట్టిగా అనిపించింది.

మా పిల్ల వెళ్లి మూడు రాళ్లు తీసింది. దాని వెనకే ఒక కుర్రాడు రెండు మళ్లీ పెట్టాడు.

గంట అయ్యాక ఇద్దరు పట్టుకుని పళ్లెం దించారు. ఆ అమ్మాయి చేతులు వెంటనే మడత పడలేదు. మా పిల్ల నీళ్లు తాగించింది. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని, "మాది హిందూపురమండీ" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ తెల్ల రాయి పెట్టింది మీరే కదా?"

"అవునమ్మా" అన్నాను.