మచ్చల కన్నా ముందు మెరుపు చూడండి

"ఆగండి పిన్నిగారూ, దాన్ని నలపకండి!" అని పొద్దున్నే మేడ మీద గట్టిగా అరిచేశాను. పక్కింటి పిన్నిగారి వేళ్ల మధ్య ఎర్రటి అక్షింతల పురుగు (లేడీబర్డ్). వంగ ఆకులన్నీ జల్లెడైపోయాయని ఆవిడ కోపం, అందులో న్యాయం ఉంది.

కానీ ఆవిడ పట్టుకున్నది ఏడు చుక్కలది. నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది, ఆకుల జోలికే పోదు, మొక్కల రసం పీల్చే చిన్న పురుగులైన పేనుబంకను తింటుంది. ఆకులు గీకినది ఆకు అడుగున దొరికింది. అదీ అదే కుటుంబం, అదే గుండ్రటి వీపు, కాకపోతే ఇటుక రంగు, మెరుపు లేదు. లెన్స్ పెట్టి చూస్తే రెక్కల పెంకుల మీదంతా సన్నటి నూగు, ఒక్కో పెంకుకి 14 చొప్పున మొత్తం 28 నల్ల చుక్కలు. దీని దగ్గరి జాతే ఇంకోటి, 12 చుక్కలది, అదీ వంగ ఆకులు తినేదే. చుక్కలు ఒక్కోసారి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, అందుకే నేను ఆ నూగునే ఎక్కువ నమ్ముతాను.

పిల్ల పురుగులైతే ఇంకా తేలిక. వంగని తినేది పసుపుపచ్చగా, ఒళ్లంతా కొమ్మలు చీలిన ముళ్లతో ఉంటుంది. మన మిత్రుడు ఏడు చుక్కలదాని పిల్ల ముదురు రంగులో, పొడుగ్గా, నారింజ మచ్చలతో చకచకా తిరుగుతుంది.

గుడ్లు మాత్రం రెండింటివీ పసుపు రంగే, గుంపుగా నిలబెట్టినట్టే ఉంటాయి. పక్కన పేనుబంక కనిపిస్తే దయచేసి వాటిని వదిలేయండి. మందు కొడితే రెండు రకాల పురుగులూ పోతాయి, మిద్దె తోటలో నాలుగు మొక్కలకి ఆకు తినేవాటిని చేత్తో ఏరేస్తే చాలు.