కవితలు చెప్పిన మనిషి మీద పీహెచ్‌డీ: టాపిక్ ఆమోదం దాకా నా అనుభవం

నిన్న సాయంత్రం టాపిక్ ఆమోదం కాగితం సంతకాలతో సహా చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే మెత్తబడిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

నా పరిశోధన ఎవుసేబియా కోస్మే మీద. క్యూబాలోని శాంటియాగోలో పుట్టిన నల్లజాతి మహిళ. పేరు తెచ్చుకున్నది కవయిత్రిగా కాదు, వేరేవాళ్లు రాసిన కవితలు వేదిక మీద చెప్పినందుకు. 1930లలో హవానా వేదికల మీద నిలబడి, ఆఫ్రో-కరీబియన్ కవిత్వాన్ని, అంటే కరీబియన్ దీవుల్లోని నల్లవాళ్ల బతుకు, మాట, లయ మీద వచ్చిన కవిత్వాన్ని, గొంతుతో, చేతులతో, కళ్లతో చెప్పింది. క్యూబా కవులు నికొలాస్ గియ్యేన్, ఎమీలియో బయ్యాగాస్, ప్యూర్టో రికో కవి లూయిస్ పలేస్ మాతోస్, వీళ్లందరి కవితలూ ఆమె నోట జనంలోకి వెళ్లాయి. 1938లో అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో స్థిరపడింది. 1940లలో సీబీఎస్ అనే అమెరికా రేడియో సంస్థ వారి లాటిన్ అమెరికా ప్రసారాల్లో ఆమె పేరుతోనే ఒక రేడియో కార్యక్రమం నడిచింది. తర్వాత మెక్సికోలో సినిమాలు చేసింది. 1976లో మయామీలో చనిపోయింది. ఇన్ని చేసినా సాహిత్య చరిత్రల్లో ఆమెకు దొరికేది మహా అయితే ఒక వాక్యం.

ఎంట్రన్స్, ఇంటర్వ్యూ, కోర్స్ వర్క్ సాఫీగా అయిపోయాయి. స్పానిష్ నాకు ముందే వచ్చు, దాని గురించి టెన్షన్ పడలేదు. సినాప్సిస్, అంటే ఏం పరిశోధిస్తానో చెప్పే ప్రతిపాదన, మా గైడ్‌గారు చదివి బాగుందన్నారు. అసలు కథ టాపిక్ ఆమోదించే కమిటీ ముందు కూర్చున్న రోజు మొదలైంది.

అధ్యక్షులు నా సినాప్సిస్ మొదటి పేజీ దాటలేదు. "ఈవిడ రాసిందేముందమ్మా?" అన్నారు. రాయలేదు సార్, ప్రదర్శించారు అన్నాను. "మరి టెక్స్ట్ ఏది? దేన్ని విశ్లేషిస్తావు?" అన్నారు. కవి కాగితం మీద పెట్టిన మాట వేదిక మీద ఎలా మారిందో చూస్తానని చెప్పబోయాను. పక్కనున్న ఇంకో ప్రొఫెసర్ అందుకుని, "ఇలా ఒప్పుకుంటే రేపు రికార్డింగ్ డాన్సుల మీద కూడా పీహెచ్‌డీ అడుగుతారు" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. మా గైడ్‌గారు ఫోన్ చూసుకుంటున్నారు.

ఆ మాటలో ఉన్న చిన్నచూపు నాకు రెండు వైపులా తగిలింది. రికార్డింగ్ డాన్సు చేసి బతికే ఆడవాళ్ల మీద ఒకటి, కోస్మే మీద ఒకటి. ఒక కవిత చెప్పి వినిపిస్తాను, రెండు నిమిషాలు చాలు సార్ అన్నాను. "టైమ్ లేదమ్మా, బయట ఇంకా ముగ్గురున్నారు. గియ్యేన్ మీద చేసుకో, పుస్తకాలు బోలెడు దొరుకుతాయి" అని ఫైలు మూసేశారు. మినిట్స్‌లో రాసింది ఒక్కటే: విషయం సాహిత్య పరిధిలోకి రాదు.

అసలు ఆ కవిత్వం ఎలాంటిదో ఒక్క నిమిషం వినుంటే ఆ మాట రాసేవారు కాదు. 1930లో గియ్యేన్ హవానా పేటల్లో నల్లవాళ్లు మాట్లాడుకునే తీరుని, సోన్ అనే పాట లయని కవితలోకి తెచ్చాడు. మాటల చివరి హల్లులు మింగేసి, చెవికి వినబడినట్టే రాశాడు. అది కళ్లతో చదువుకునే సరుకు కాదు. ఇంకో సంగతి. బయ్యాగాస్, పలేస్ మాతోస్ తెల్లవాళ్లు. నల్ల ఆడవాళ్ల నడక గురించి, నడుము గురించి, పిల్లల్ని జోకొట్టడం గురించి తెల్ల మగవాళ్లు రాసిన పంక్తుల్ని ఒక నల్ల స్త్రీ వేదికెక్కి చెప్పినప్పుడు ఆ కవిత ఎవరిది? ఆమె ఎక్కడ ఆగింది, ఎక్కడ కళ్లెర్రజేసింది, ఎక్కడ జాలి పుట్టించింది అన్నదాన్ని బట్టి అర్థమే మారిపోతుంది. నా పరిశోధన మొత్తం ఈ ప్రశ్న మీదే. క్యూబాలో పెద్ద పండితుడైన ఫెర్నాండో ఓర్టిజ్ 1934లోనే ఆమెను పరిచయం చేస్తూ ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. ఆయనకు కనబడిన సాహిత్యం మా కమిటీకి కనబడలేదు.

ఇంత దూరం ఎందుకు, మన దగ్గర చూడండి. జాషువా శ్మశానవాటి పద్యాలు లక్షల మందికి ఎలా చేరాయి? బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంలో అవి లేవు. నటులే తీసుకొచ్చి కాటి సీనులో పెట్టుకున్నారు. తెనాలి దగ్గర మా ఊళ్లో మా నాన్నగారి తరం తెల్లవార్లూ కూర్చుని ఆ పద్యాలకు ఒన్స్‌మోర్ కొట్టింది. ఒక్క అక్షరం చదవలేని మా నాయనమ్మకు జాషువా పద్యం నోటికొచ్చంటే ఆ పుణ్యం హార్మోనియం పక్కన నిలబడి రాగం తీసిన నటుడిదే. ఆ నటుడిని సాహిత్యం బయట నిలబెట్టేవాళ్లకు సాహిత్యం జనంలో ఎలా బతుకుతుందో తెలియదని నేను ఎవరి ముందైనా అంటాను.

రెండోసారి వెళ్లేటప్పుడు సరిగ్గా ఈ మాటలే సినాప్సిస్‌లో పెట్టాను. రూల్స్ చదివితే, వేరే విభాగం నుంచి ఒక సభ్యుడిని పిలవమని స్కాలర్ కోరవచ్చని ఉంది. ఆఫీసులో ఈ విషయం ఎవరూ చెప్పరు. అడిగితే క్లర్క్ "అలాంటిదేం లేదమ్మా" అన్నాడు, పేజీ తీసి చూపించాకే కాగితం తీసుకున్నాడు. అలా రంగస్థల విభాగం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన నన్నేమీ అడగలేదు, కమిటీనే అడిగారు. "కాటి సీనులో ఏ పద్యం ఉండాలో, ఎంతసేపు సాగాలో రచయిత చెప్పాడా, నటుడు తేల్చుకున్నాడా?" ఎవరూ మాట్లాడలేదు. చివరికి టైటిల్‌లో గియ్యేన్ పేరు ముందు పెడితే సంతకం చేస్తామన్నారు. ఒప్పుకోలేదు. ఆమె పేరే ముందు ఉంటుంది, ఆమె పేరే ఉంటుందని నిలబడి చెప్పాను. సంతకాలు చేశారు. ఈ విషయంలో నన్ను చూసుకుని నాకే గర్వంగా ఉంది.

ప్రదర్శకుల మీద పని చేయాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. టెక్స్ట్ ఏదని అడుగుతారు కాబట్టి ఆధారాల పట్టిక ముందే జత చేయండి. కోస్మే కాగితాలు న్యూయార్క్ హార్లెమ్‌లో షోంబర్గ్ సెంటర్ అనే పరిశోధన గ్రంథాలయంలో ఉన్నాయి, వాటి వివరాలు చూపించాకే రెండోసారి నన్ను కాస్త శ్రద్ధగా విన్నారు. కాదన్నదేదైనా లిఖితపూర్వకంగా అడగండి. నోటితో నవ్వినవాళ్లు కాగితం మీద నవ్వలేరు. గైడ్ బాగుందన్నాడని ధీమా పడకండి, గదిలో మీ తరఫున మాట్లాడతారా అని మొహమాటపడకుండా ముందే అడగండి. గియ్యేన్ మీద చేసుకో లాంటి సలహా వస్తే మాత్రం వినకండి. ఆయన మీద ఇప్పటికే చాలామంది రాశారు.

సోమవారం ట్రావెల్ గ్రాంట్‌కి దరఖాస్తు పెడుతున్నాను. అది వచ్చినా రాకపోయినా న్యూజెర్సీలో మా చిన్నక్క ఉంది, టికెట్ డబ్బులు కూడబెట్టుకుని అయినా షోంబర్గ్‌కి వెళ్తాను. అక్కడున్న కోస్మే కాగితాల్లో ముందు చూడాల్సినవి రేడియో స్క్రిప్టులు.