ప్రాచీన ఆఫ్రికా చాప్టర్ నేనెలా చదివానంటే: సరుకు, సుంకం, దేవుడు

హిస్టరీ లెక్చరర్ పోస్టులకు ప్రిపేరయ్యేవాళ్లలో చాలామంది ఈజిప్టు అయిపోగానే పేజీ తిప్పేస్తారు. కుష్, ఆక్సుమ్, ఘనా, మాలి... పేర్లు నోరు తిరగవు, శతాబ్దాలు కలగాపులగం అవుతాయి. కోచింగ్ మెటీరియల్‌లో కూడా ఈ భాగం నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. నేను చదివిన పద్ధతి చెబుతాను, పనికొస్తే వాడుకోండి.

రాజ్యాల వరుస బట్టీ పట్టడం పక్కనపెట్టి, ప్రతి రాజ్యం దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకున్నాను. ఏ సరుకు ఏ దారిన పోతోంది? ఆ దారి మీద సుంకం ఎవరికి ముడుతోంది? వర్తకుల వెంట వచ్చిన దేవుణ్ణి రాజు ఎంతవరకు రానిచ్చాడు? అసలు ప్రశ్న మూడోదే. వ్యాపారంతో పాటు మతం వచ్చిందని ప్రతి గైడూ రాస్తుంది. వచ్చినదాన్ని ఒక రాజు నెత్తిన పెట్టుకున్నాడు, మరొకడు ఊరి అవతలే ఉంచాడు. ఆ తేడా ఎందుకో రాసినవాడికే మార్కులు.

ఆక్సుమ్‌తో (నేటి ఇథియోపియా, ఎరిత్రియా ప్రాంతపు రాజ్యం) మొదలుపెట్టండి, ఎందుకంటే దాని దారి మనకు సగం తెలుసు. శాతవాహనుల పాఠంలో పెరిప్లస్ చదివే ఉంటారు. సముద్ర వర్తకం మీద క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం అది, పైఠాన్, తగరలతో పాటు సన్నని నూలుబట్టలకు పేరుపడ్డ మసాలియా (మన మచిలీపట్నం ప్రాంతమని చరిత్రకారులు చెప్పేది) అందులోదే. అదే గ్రంథం మొదట్లో ఎర్రసముద్రం ఒడ్డున ఆక్సుమ్‌ వాళ్ల అదులిస్ రేవు ఉంటుంది. అది నేటి ఎరిత్రియాలో ఉంది. అక్కడి నుంచి ఏనుగు దంతం, ఖడ్గమృగం కొమ్ము, తాబేటి చిప్ప బయటికి పోయేవి. మన దేశపు ఇనుము, ఉక్కు, నూలుబట్ట లోపలికి వచ్చేవి. అక్కడి రాజు జోస్కలెస్ గ్రీకు చదువుకున్నవాడట, కాస్త పిసినారి కూడానట! ఇథియోపియాలో డెబ్రె దామో మఠం దగ్గర వందకు పైగా కుషాణుల బంగారు నాణేలు దొరికాయి. కుషాణుల మీద ప్రశ్న వచ్చినా ఈ వాక్యం పనికొస్తుంది.

4వ శతాబ్దంలో ఆక్సుమ్ రాజు ఎజానా క్రైస్తవం తీసుకున్నాడు. ఇక్కడ నాణేలు చూడండి, వీలైతే ఫొటో పెద్దది చేసి చూడండి. బంగారు నాణెం మీద నడుమ రాజు, అటూ ఇటూ ధాన్యపు కంకులు, అంచున గ్రీకు అక్షరాలు. ఎజానా తొలి నాణేల్లో పైన పాత మతపు గుర్తులైన నెలవంక, బిళ్ల ఉంటాయి, తర్వాతి వాటిలో ఆ చోట శిలువ వస్తుంది. బంగారు నాణేల మీద గ్రీకు ఎందుకు? అవి సముద్రం దాటే వర్తకుల చేతుల్లో తిరిగేవి కాబట్టి. కొన్ని రాగి నాణేల మీద శిలువతో పాటు ‘ఇది దేశానికి ఇష్టమగుగాక’ అని ఉంటుంది. కొత్త దేవుణ్ణి జనం ఒప్పుకోవాలన్న రాజు తాపత్రయం నాకైతే అందులో కనిపిస్తుంది. తూరు నుంచి వచ్చి ఆస్థానంలో పెద్దవాడైన ఫ్రుమెంటియస్ మొదట రోమన్ క్రైస్తవ వర్తకులకే ప్రార్థనాస్థలాలు పెట్టించాడు, ఆ తర్వాతే అలెగ్జాండ్రియా చర్చి పెద్ద అథనేసియస్ చేత బిషప్ అయ్యాడు. సరుకు, మతం ఒకే రేవు నుంచి దిగాయి. 7వ శతాబ్దం నుంచి ఎర్రసముద్రం వర్తకం చేజారాక ఆక్సుమ్ క్షీణించింది, చర్చి మాత్రం నిలిచింది.

ఇప్పుడు పశ్చిమానికి రండి. ఘనాది ఉల్టా కథ. 1068లో అరబ్బు భూగోళ రచయిత అల్ బక్రీ రాసినది ఈ చాప్టర్‌కి ప్రాణం (ఆయన స్పెయిన్‌లో కూర్చుని, వెళ్లొచ్చినవాళ్లను అడిగి రాశాడు). రాజధాని రెండు పట్టణాలు. ఒకటి ముస్లిం వర్తకులది, అందులో 12 మసీదులు. కొన్ని మైళ్ల అవతల రాజుగారిది, చుట్టూ పూజారుల వనాలు. ఉప్పు మోసే గాడిద లోపలికొస్తే ఒక దీనారం, బయటికెళ్తే రెండు. బంగారు ముద్దలు రాజువి, పొడి ప్రజలది. రాజు దగ్గరికి సొంత మతస్థులు మోకాళ్ల మీద వచ్చి నెత్తిన దుమ్ము పోసుకుంటారు, ముస్లింలు చప్పట్లు కొట్టి నమస్కరిస్తే సరిపోతుంది. మంత్రుల్లో ఎక్కువమంది, దుబాసీలు ముస్లింలే. లెక్కలు రాసే చదువు కావాలి, పాత దేవతలిచ్చే అధికారం పోకూడదు. రెండు పట్టణాల ఏర్పాటు అందుకే.

మాలిలో రాజు తానే ముస్లిం. 1324లో ఆ రాజు మన్సా మూసా హజ్‌కు వెళ్తూ కైరోలో పంచిన బంగారానికి అక్కడ దాని ధరే పడిపోయిందని అరబ్బు రచయిత అల్ ఉమరీ రాశాడు. ఇది అందరూ రాస్తారు. మీరు ఇంకోటి కలపండి: 1352లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బటూటా వెళ్లినప్పుడు కూడా రాజు ముందు జనం నెత్తిన దుమ్ము పోసుకుంటూనే ఉన్నారు. మసీదు వచ్చింది, దర్బారు మర్యాద పోలేదు. దారిలో సహారా ఎడారిలోని తఘాజా ఉప్పు గనుల దగ్గర ఆయన ఉప్పు దిమ్మెలతో కట్టి, ఒంటె తోళ్లు కప్పిన ఇళ్లు చూశాడు. ఉప్పు విలువ చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కుష్‌కి (ఈజిప్టుకు దక్షిణాన, నేటి సూడాన్‌లోని రాజ్యం) ఒక పూట చాలు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో కుష్ రాజు పియె ఈజిప్టును గెలిచింది ఈజిప్టు దేవుడు అమున్ భక్తుడిగానే. తర్వాతి రాజధాని మెరోయెలో ఇనుము, సొంత లిపి, ఈజిప్టులో లేని సింహముఖ దేవుడు అపెడెమాక్. రోమన్ చక్రవర్తి అగస్టస్ విగ్రహపు కంచు తలను తొక్కుతూ నడిచేలా మెట్ల కింద పాతిపెట్టిందీ ఇక్కడే.

బిట్లలో పడేసే చోట్లు కొన్ని. పాత ఘనా నేటి ఘనాలో లేదు, మారిటేనియా–మాలి సరిహద్దు వైపు ఉంది, బ్రిటిష్ వలస గోల్డ్ కోస్ట్ ఆ పేరు పెట్టుకుంది 1957లో. అల్మొరావిడ్‌లు (వాయువ్య ఆఫ్రికా ముస్లిం పాలకులు) 1076లో ఘనాను జయించారన్నది పాత పుస్తకాల మాట, ఇప్పటి చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు. ఆబ్జెక్టివ్‌లో ఆ ఏడాది గుర్తుపెట్టుకోండి, డిస్క్రిప్టివ్‌లో వివాదం ఉందని రాయండి. అరబ్బు వర్తకులే పశ్చిమాఫ్రికాకు పట్టణాలు తెచ్చారని ఆప్షన్ ఇస్తే పెట్టకండి, నేటి మాలిలోని జెన్నె జెనో క్రీ.పూ. 3వ శతాబ్దానికే ఉంది, ఇస్లాం రాకముందే పట్టణంగా ఎదిగింది.

మ్యాప్ తప్పనిసరి. అదులిస్, మెరోయె, కుంబీ సలే (ఘనా రాజధానిగా చెప్పేది), తఘాజా, టింబక్టు (మాలి పట్టణం), ఈ ఐదూ చూడకుండా గుర్తించగలిగాక ‘ఎజానా, ఘనా రాజు కొత్త మతం విషయంలో వేర్వేరు దారులు ఎందుకు పట్టారు?’ అన్న ప్రశ్నకు టైమ్ పెట్టుకుని రెండు పేజీలు రాయండి.