భీమవరం ఇంటి సర్వర్ లాగ్: కరెంటు పోయినా రీడింగు పోకూడదు

పెట్టె పాత ఆఫీసు డెస్క్‌టాప్. 4 కోర్లు, 8 జీబీ ర్యామ్, సిస్టమ్‌కి 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, డేటాకి 2 టీబీ హార్డ్ డిస్క్. సిస్టమ్ డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం), కెర్నెల్ (దాని మూల భాగం) 6.1. రొయ్యల చెరువుల సెన్సార్లు పంపే ఆక్సిజన్, పీహెచ్ రీడింగులు కొన్ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి, మిగతావి మామూలు టెక్స్ట్ ఫైళ్లలోకి పడతాయి. చెరువులో ఆక్సిజన్ అట్టడుక్కి పడేది తెల్లవారుజామున. ఆ వేళ కరెంటు పోతే ఏరియేటర్లూ (నీటిలో గాలి కలిపే యంత్రాలు) సర్వరూ ఒకేసారి ఆగుతాయి. అప్పుడు కావలసింది వేగం కాదు, ఆఖరి రీడింగు.

1వ విడత: కొలత

మెమరీ, డిస్కు, సీపీయూ పని చూపే వీఎంస్టాట్ కమాండ్‌ని 5 సెకన్ల తేడాతో నడపాలి. మొదటి వరస బూట్ అయినప్పటి నుంచి సగటు కాబట్టి దాన్ని వదిలేయాలి. ఎస్ఐ, ఎస్ఓ గడులు (ర్యామ్ చాలక డిస్కులోని స్వాప్‌తో జరిగే రాకపోకలు) సున్నా, బీ (ఆగి ఉన్న ప్రాసెస్‌లు), డబ్ల్యూఏ (డిస్కు కోసం సీపీయూ ఖాళీగా ఉన్న సమయం) మాత్రం బ్యాకప్ వేళ పైకి. అంటే ర్యామ్ చాలకపోవడం కాదు, డిస్కు దగ్గర క్యూ. లోడ్ యావరేజ్ (పని కోసం వరసలో ఉన్న ప్రాసెస్‌ల సగటు) చూసి సీపీయూని తిట్టుకోవడం మామూలే గానీ, లినక్స్‌లో ఆ అంకెలో డిస్కు కోసం ఆగిన ప్రాసెస్‌లూ కలుస్తాయి. కెర్నెల్ తన లెక్కలు చూపే ప్రాక్‌లోని ప్రెషర్ ఫోల్డర్‌లో ఐఓ (డిస్కు రాకపోకలు) ఫైలు ఇంకా సూటిగా చెబుతుంది. ఆ ఫోల్డర్ కనబడకపోతే కెర్నెల్ బూట్ లైనులో ఆ లెక్కలను తెరిచే పీఎస్ఐ=1 చేర్చాలి.

2వ విడత: డర్టీ పేజీలు

అసలు పని ఇక్కడే. ప్రోగ్రామ్ రాసిన డేటా ముందు ర్యామ్‌లో నిలుస్తుంది. ఇంకా డిస్కుకి చేరని ఆ భాగాలే డర్టీ పేజీలు. డిఫాల్ట్‌గా డర్టీ బ్యాక్‌గ్రౌండ్ రేషియో (కెర్నెల్ వెనకనుంచి డిస్కుకి రాయడం మొదలుపెట్టే హద్దు) 10, డర్టీ రేషియో (రాసే ప్రోగ్రాములను ఆపే హద్దు) 20. ఈ శాతాలు మొత్తం ర్యామ్‌లో కాదు, వాడుకోడానికి వీలున్న మెమరీలో. ఇక్కడ 6 జీబీ అనుకుంటే, 1.2 జీబీ పేరుకునేదాకా కెర్నెల్ రాసే ప్రోగ్రాములను పూర్తిగా ఆపదు. హార్డ్ డిస్కు సెకనుకి 100 ఎంబీ మింగినా అది ఖాళీ కావడానికి 12 సెకన్లు, చిల్లర రాతలైతే చాలా ఎక్కువ. ఈలోగా సెన్సార్ ప్రోగ్రామ్ నోరెళ్లబెట్టుకుని నిలబడుతుంది.

శాతాలు తీసేసి బైట్లు ఇచ్చాం: డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్ 33554432 (32 ఎంబీ), డర్టీ బైట్స్ 134217728 (128 ఎంబీ). బైట్లు ఇవ్వగానే రేషియో విలువ దానంతటదే 0 అవుతుంది, కంగారు అక్కర్లేదు. డర్టీ ఎక్స్‌పైర్ సెంటీసెక్స్ (రాత ర్యామ్‌లో ఎంతసేపు ఆగొచ్చో, సెకనులో వందో వంతుల్లో) 3000 నుంచి 500కి దించాం. డిఫాల్ట్‌లో ఒక రాత 30 సెకన్లు ర్యామ్‌లోనే ఉండిపోవచ్చు. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ జర్నల్ (మార్పుల చిట్టా) 5 సెకన్లకోసారి కమిట్ అవుతుందన్న ధీమా టెక్స్ట్ ఫైళ్లకు పనికిరాదు. డిస్కులో చోటు కేటాయించడమే ఆలస్యంగా జరుగుతుంది కాబట్టి కొత్తగా చేర్చిన వరసలు అప్పటికీ ర్యామ్‌లోనే ఉండొచ్చు. పోస్ట్‌గ్రెస్ కమిట్‌కి ఎఫ్‌సింక్ (డేటా డిస్కుకి చేరేదాకా ఆగడం) చేస్తుంది, దాని సంగతి వేరే. ఎస్ఎస్‌డీ ఆయుష్షు పెరుగుతుందని కమిట్=60 (జర్నల్ కమిట్ 60 సెకన్లకోసారి) పెట్టే చిట్కా కరెంటు కోతలున్న ఊళ్లో వద్దే వద్దు. బారియర్లు (డిస్కులో రాతల వరస తప్పకుండా కాపాడేవి) ఆపడం మరీ తప్పు.

ఇక్కడ దొరికిన చిక్కు: విలువలు కెర్నెల్ సెట్టింగుల ఫోల్డర్ సిస్‌సీటీఎల్.డీలో వేరే ఫైలుగా పెట్టినా రీబూట్ తర్వాత పాతవే కనబడ్డాయి. డెబియన్ 12లో పాత సిస్‌సీటీఎల్.కాన్ఫ్ ఫైలు దాదాపు ఆఖర్న చదవబడుతుంది, అందులో ఎప్పుడో అతికించిన వరసే నెగ్గుతుంది. ముందు దాన్ని ఖాళీ చేయాలి.

3వ విడత: డిస్కు వంతులు

దాళ్వాలో (రెండో పంటలో) నీరు చాలకపోతే కాలువలకు వంతులు వేస్తారు కదా, ఐఓ షెడ్యూలర్ పనీ అదే. హార్డ్ డిస్కుకి బీఎఫ్‌క్యూ షెడ్యూలర్, బ్యాకప్‌ని ఐఓనైస్ కమాండ్‌తో ఐడిల్ తరగతిలో (డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే) నడపడం. ఎస్ఎస్‌డీని ఎంక్యూ-డెడ్‌లైన్ షెడ్యూలర్ మీదే వదిలాం. సిస్ ఫోల్డర్‌లో ఎకో కమాండ్‌తో రాసిన విలువ రీబూట్‌తో పోతుంది. యూడెవ్ (పరికరం కనబడగానే నడిచే) రూల్‌లో రొటేషనల్ 1 ఉన్న (అంటే తిరిగే) డిస్కుకి బీఎఫ్‌క్యూ అని రాస్తే నిలుస్తుంది. నోఎటైమ్ (ఫైలు చదివిన సమయం రాయకపోవడం) పెట్టాం గానీ రెల్‌ఎటైమ్ (దాన్ని అరుదుగా రాయడం) ఎలాగూ డిఫాల్ట్, పెద్ద తేడా ఆశించవద్దు.

4వ విడత: వేడి

సీపీయూ వేగాన్ని నడిపే గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌కి మార్చడం రోహిణి కార్తెలో కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. చిప్ కాగి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. సీపీయూ0 కింద థర్మల్ థ్రాటిల్ ఫోల్డర్‌లో కోర్ థ్రాటిల్ కౌంట్ పెరుగుతుంటే జబ్బు అదే. ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్‌లో పవర్‌సేవ్ గవర్నర్ అంటే ఎప్పుడూ అడుగు వేగమని కాదు, పనిని బట్టి అదీ పెరుగుతుంది. కాబట్టి దాన్నే ఉంచి హీట్‌సింక్ దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చాలి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ర్యామ్ కాంటాక్టులు కూడా చూసుకోవాలి.

5వ విడత: వెనక్కి తీసినవి

స్వాపినెస్ 10 తీసేసి 60కే వదిలాం. అది ఎంత ర్యామ్ నిండితే స్వాప్ మొదలవుతుందో చెప్పే శాతం కాదు, ఫైల్ క్యాష్‌కీ ప్రాసెస్ మెమరీకీ మధ్య మొగ్గు మాత్రమే. జెడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే కుదించి పెట్టే స్వాప్) వాడితే 100 దాటించడమే నయం. కెర్నెల్ 5.8 నుంచి 200 దాకా ఒప్పుకుంటుంది. సోమాక్స్‌కాన్ (వరసలో ఆగే నెట్‌వర్క్ కనెక్షన్ల హద్దు) కెర్నెల్ 5.4 నుంచే 4096, ముట్టుకోలేదు. లిమిట్స్.కాన్ఫ్‌లో తెరిచే ఫైళ్ల పరిమితి పెంచినా సెన్సార్ సర్వీసుకి తగలదు, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఆ ఫైలు చూడదు. సర్వీస్ యూనిట్‌లో లిమిట్‌నోఫైల్ రాసి, డేమన్-రీలోడ్ చేసి, సర్వీసు రీస్టార్ట్ చేయాలి.

మిగిలింది ఇన్వర్టర్. వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో లేకపోతే కరెంటు మారే ఆ కాస్త వ్యవధిలోనే పెట్టె రీబూట్ అవుతుంది. ఇంటి ఇన్వర్టర్‌కి యూఎస్‌బీ తీగ లేదు కాబట్టి బ్యాటరీ అడుగంటినట్టు సర్వర్‌కి తెలియదు. మధ్యలో యూఎస్‌బీ ఉన్న చిన్న యూపీఎస్ పెట్టి నట్ (యూపీఎస్‌ని గమనించే ప్రోగ్రామ్) బిగించడం వచ్చే విడత.