ఫణిగిరి గుట్ట మీద ఒక పూట

సూర్యాపేటలో టిఫిన్ చేసి జనగాం రోడ్డు పట్టేసరికే ఎండ మాడ్చేస్తోంది. నాగారం వైపు వెళ్తే ఫణిగిరి వస్తుంది. గుట్ట పడగ విప్పిన పాములా ఉంటుంది కాబట్టి ఆ పేరంటారు. మా అక్క కూతురు పురావస్తు శాస్త్రంలో పీజీ చేస్తోంది. ఆమె వెంట లేకపోతే నాకు పైన ఇటుకలూ విరిగిన స్తంభాలూ తప్ప ఏమీ కనిపించేవి కావు.

పైనున్నది సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం. మహాస్తూపం, చైత్యాలనే ప్రార్థనా మందిరాలు, భిక్షువులుండే విహారాల పునాదులు తేలి ఉన్నాయి. నిజాం కాలంలో, 1940లలోనే ఇక్కడ తవ్వారు. 2001 నుంచి మళ్లీ మొదలైంది.

"అసలు ఫలానా చోట తవ్వాలని ఎట్ల తెలుస్తది?" అని అడిగాను.

"ముందు నడవాలె మామా. మన ఊళ్ల పక్కన పాటిగడ్డలు, అంటే పాత ఊళ్ల దిబ్బలు ఉంటయి కదా, రైతులు ఎరువుకని మన్ను తోలుకపోతరు. ఆ బూడిదరంగు మన్నుల కుండ పెంకులు, పూసలు, ఇటుక ముక్కలు తేలుతయి. పార పట్టకముందు ఏ పెంకు ఏ మూల ఉందో మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటరు."

తర్వాత తాళ్లు కట్టి నేలను చదరాలుగా విడగొడతారు. చదరానికీ చదరానికీ మధ్య గట్టు వదిలేస్తారు. లోపల తవ్వుకుంటూ పోయినా పొరలన్నీ ఆ గట్టు గోడ మీద చదువుకోవచ్చు. గడ్డపారకు పని తక్కువ. చిన్న తాపీ, బ్రష్షు, జల్లెడ, అన్నిటికన్నా ఎక్కువగా నోటుపుస్తకం. వాన నీటికి కోసుకుపోయిన ఒక ఒడ్డు దగ్గర నన్ను కూర్చోబెట్టి చూపించింది: పైన వదులు మట్టి, కింద ఇటుక పొడి కలిసిన ఎర్రచార, దాని కింద గట్టి మన్ను. కింది పొర పాతది, పైది కొత్తది. అయితే మధ్యలో ఎవరో గుంట తీసి పూడ్చి ఉంటే లెక్కంతా తారుమారు. అందుకే గుంట అంచును పట్టుకోవడం వచ్చినవాడే పనిమంతుడట.

ఇంతలో ఒక పిల్లాడు నున్నటి ఎర్ర పెంకు పట్టుకొచ్చాడు.

"ఎక్కడ తీసినవ్ బాబూ?"

గుట్టంతా చూపిస్తూ చెయ్యి ఊపాడు. ఆమె ముఖం చిన్నబోయింది. ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలియని పెంకు దాదాపు మూగది. నాకు ఈ శాస్త్రం మీద గౌరవం కలిగింది అక్కడే.

వయసు కట్టడానికి చాలా దారులున్నాయి. బొగ్గు దొరికితే కార్బన్ పరీక్షకు పంపుతారు. చెట్టు చచ్చాక అందులోని కార్బన్-14 తరుగుతూ 5,730 ఏళ్లకు సగమవుతుంది. రాయికి ఆ లెక్క పనికిరాదు. శాసనం దొరికితే అదృష్టమే: ఇక్కడి స్తంభం ఒకటి, క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఈ ప్రాంతాన్నేలిన ఇక్ష్వాకు వంశపు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరమని చెబుతోంది.

2024 మార్చిలో ఇక్కడే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు, అంటే నాలుగు కొసల్లో సున్నాలున్న కూడిక గుర్తు. కుండ మూతికి పైన ఒక మూకుడు, లోపల విరిగిన గిన్నె అడుగు అడ్డం పెట్టి ఉన్నాయట. ఎవరో జాగ్రత్తగా దాచి, మళ్లీ తీసుకోలేకపోయారన్నమాట. నాణేలు ఇక్ష్వాకులవే అయినా, పాతిపెట్టిన తేదీ వాటితోనే తేలదంది మా పిల్ల. పాత నాణేలను తర్వాతెప్పుడో కూడా దాచవచ్చు. కుండ ఏ పొరలో ఉందన్నదీ చూడాలి.

"అందరు బంగారం దొరికిందా అనే అడుగుతరు సార్," అని నవ్వాడు కాపలా ఆయన.

పొలంలో లంకెబిందె దొరికితే ఏం చేయాలని నేనూ అడిగాను. 1878 నాటి చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలంది మా పిల్ల.

"పది రూపాయలకా? గిప్పుడు చాయ కూడ రాదమ్మా!" అన్నాడాయన.