జూన్‌లో దిగిన టైల్స్ లారీ: కోలుకున్నామా లేదా అని అంకెలు చూసిన నా అనుభవం

కర్నూలులో మాది హార్డ్‌వేర్ అంగడి. సిమెంటు, కమ్మీలు, పైపులు, టైల్స్, కుళాయిలు అమ్ముతాం. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో కరోనా కేసులు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో మాదీ ఒకటి. షట్టర్ దించి ఇంట్లో కూర్చుంటే నా టెన్షన్ ఒకటే, సరుకు మళ్లీ ఎప్పుడు తెప్పించాలి? తొందరపడితే డబ్బు ఇరుక్కుంటుంది. ఆలస్యం చేస్తే గిరాకీ పక్క అంగడికి పోతుంది. ఎవర్ని అడిగినా తలా ఒక మాట చెప్తున్నారు. సరే అని సగం ఖాళీగా ఉన్న పాత పద్దు పుస్తకం ఒకటి తీసి, పేపర్లో వచ్చే అంకెలు రాసుకోవడం మొదలుపెట్టాను.

మొదట రాసుకున్నవి జీఎస్టీ వసూళ్లు, పీఎంఐ. పీఎంఐ అంటే కంపెనీల్లో సరుకు కొనే మేనేజర్లను, పోయిన నెలకంటే బాగుందా లేదా అని అడిగి కట్టే సూచీ. 50 దాటితే పెరుగుతున్నట్టు, తగ్గితే పడుతున్నట్టు. 2020 ఏప్రిల్‌లో తయారీ రంగానికి 27.4 వచ్చింది. సేవల రంగానికి 5.4. అచ్చు తప్పేమో అనుకుని ఇంకో పేపరు కూడా చూశాను. తప్పు కాదు.

జూలై ఒకటిన జీఎస్టీ లెక్క చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఏప్రిల్‌లో 32 వేల కోట్లు, మేలో 62 వేల కోట్లు, జూన్‌లో ఏకంగా 90,917 కోట్లు. అప్పటికే జూన్ ఆఖర్లో బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి, పాత బాకీలో 20 శాతం దాకా అత్యవసర లోన్ ఇస్తామంటే తీసుకుని, ఒక లారీ టైల్స్ దింపుకుని ఉన్నాను. ఈ అంకె చూశాక నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. మా ఇంటామెతో గట్టెక్కాం అని కూడా అనేశాను.

తర్వాత జూలై వసూళ్లు 87,422 కోట్లు. ఆగస్టులో 86,449 కోట్లు. గోడౌనులో టైల్స్ పెట్టెలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. మా ఆడిటర్ దగ్గర వాపోతే ఆయన నన్నే అడిగాడు.

"ఏమన్నా, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ రిటర్నులు నువ్వు ఎప్పుడు వేసినావు?"

"జూన్ ఆఖర్న."

"మరి ఆ డబ్బు ఏ నెల వసూళ్లలో పడింటాది?"

నాకు నోట మాట రాలేదు. కరోనా వల్ల చిన్న వ్యాపారులకు గడువు పొడిగించారు. నాలాంటి వాళ్లంతా పాత నెలల పన్ను జూన్‌లో కట్టాం. అది చూసి నేనే సంబరపడ్డాను! ఆ 90 వేల కోట్లలో నా పాత బాకీ కూడా ఉంది.

ఆ రోజు నుంచి ప్రతి అంకె పక్కన ఇంకో గడి గీశాను: ఇది ఏ నెల సంగతి? మామూలు రోజుల్లో కూడా జీఎస్టీ వసూళ్లు అంతకుముందు నెల వ్యాపారానివి. దేశం మొత్తం ఉత్పత్తి విలువ చెప్పే జీడీపీ ఇంకా ఆలస్యం, మూడు నెలల లెక్క అవి గడిచిన రెండు నెలలకు వస్తుంది. ఆగస్టు 31న వచ్చిన 23.9 శాతం తగ్గుదల, అంతకుముందు ఏడాది అవే నెలలతో పోల్చి చెప్పింది, ఏప్రిల్ నుంచి జూన్ దాకా జరిగిన సంగతి. అందులో నిర్మాణ రంగం 50.3 శాతం పడిపోయింది. అంటే మా రంగమే. వ్యవసాయం ఒక్కటే 3.4 శాతం పెరిగింది. ఇది మాత్రం అంగడిలో కళ్లారా చూశాను. మొదట తిరిగొచ్చిన గిరాకీ టౌనుది కాదు, పల్లెలది.

అయితే పల్లెవాళ్లు కొన్నది ఏమిటి? కుళాయిలు, పీవీసీ పైపులు, మోటారు వాల్వులు. అన్నీ రిపేరు సామాన్లే. కొత్త మిద్దె కట్టేవాడు ముందు కమ్మీలు, బైండింగ్ వైరు, సిమెంటు అడుగుతాడు. టైల్స్, పెయింట్లు వాడికి ఆఖర్న కావాలి. కొత్త ఇళ్ల పునాదులే పడకముందు నేను టైల్స్ తెచ్చుకున్నానన్నమాట. పాతికేళ్ల అనుభవం ఉండీ చేసిన పని అది. ఇందుకు జీఎస్టీ అంకెను తిట్టుకుని లాభం లేదు.

అప్పటి నుంచి పుస్తకంలో నా సొంత లెక్కలూ చేర్చాను. పొద్దున తొమ్మిదికి అడ్డా మీద పని దొరక్క మిగిలిన బేల్దార్లు, కూలీలు ఎంతమంది? పాత బాకీలు ఎన్ని రోజులకు వస్తున్నాయి? కమ్మీలు ఎన్ని టన్నులు పోయాయి? రూపాయల్లో కాదు, టన్నుల్లోనే రాసేవాణ్ణి. ఆ చలికాలం ఇనుము ధర బాగా పెరిగింది. రూపాయల్లో చూస్తే పాత అమ్మకాలు వచ్చేసినట్టే, తూకంలో చూస్తే రాలేదు.

నవంబరు 27న, తుంగభద్ర పుష్కరాలు జరుగుతుండగా, జూలై నుంచి సెప్టెంబరు వరకు జీడీపీ కూడా ఏడాది కిందటి కంటే 7.5 శాతం తగ్గిందని లెక్క వచ్చింది. వరుసగా రెండు త్రైమాసికాలు పడింది కాబట్టి లెక్క ప్రకారం మాంద్యమే. కానీ అక్టోబరులోనే జీఎస్టీ లక్ష కోట్లు దాటింది, తయారీ పీఎంఐ 58.9కి ఎక్కింది. రెండూ నిజమే. ఒకటి గడిచిన కాలం సంగతి, రెండోది నిన్నటి సంగతి. పైగా పీఎంఐ పోయిన నెలకంటే మేలా అని మాత్రమే అడుగుతుంది. బావిలో పడ్డవాడు ఒక మెట్టు ఎక్కినా మేలే కదా.

2021 ఫిబ్రవరి 26న, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జీడీపీ ప్లస్ 0.4 శాతం అన్నారు. అడ్డా మీద మిగిలేవాళ్లు కూడా తగ్గారు. కొంచెం సిమెంటు, కమ్మీలు తెప్పించాను. అంతలో రెండో వేవ్. మే ఒకటిన ఏప్రిల్ జీఎస్టీ రికార్డు అని, 1,41,384 కోట్లని చదివాను. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండుకే షట్టర్ దించమన్నారు. ఈసారి కంగారు పడలేదు, ఆ రికార్డు మార్చి వ్యాపారానిదని తెలుసు. జూన్‌లో వసూళ్లు మళ్లీ లక్ష కోట్ల లోపుకి, 92,849 కోట్లకు పడ్డాయి.

ఆగస్టు 31న పక్క పెయింట్ల అంగడాయన పరుగున వచ్చాడు. "చూసినావా అన్నా, జీడీపీ 20.1 శాతం పెరిగిందంట!" పుస్తకం తిప్పి చూపించాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా జీడీపీ, స్థిర ధరల్లో, అంటే ధరల పెరుగుదల తీసేసి చూస్తే, 2019లో 35.66 లక్షల కోట్లు, 2020లో 26.95, ఇప్పుడు 32.38. గుంట నుంచి కొలిస్తే 20 శాతం ఎక్కినట్టు, గట్టు నుంచి కొలిస్తే ఇంకా తొమ్మిది శాతం కిందే. "నీతో మాట్లాడితే ఉన్న సంతోషం కూడా పోతాదప్పా" అని వెళ్లిపోయాడు.

ఆ ఏడాది దసరా ముందు, వరసగా మూడు వారాలు తొమ్మిదికల్లా అడ్డా ఖాళీ అవుతుంటే, నెల బాకీలు నెలకే వస్తుంటే, గోడౌను మళ్లీ తెరిచాను. బీగం తుప్పు పట్టి ఎంతకీ తిరగలేదు. అంగడిలోంచి నూనె సీసా తెచ్చి పోయాల్సి వచ్చింది. లోపల జూన్ లారీ టైల్స్ పదకొండు పెట్టెలు మూలనే ఉన్నాయి. ఆ డిజైను ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. మా మిద్దె మీద పరిపించేశాను. ఎండాకాలంలో వడియాలు ఎండబెట్టడానికి బాగుందని మా ఇంటామె అంటుంది.